పున్నమి దాటిన రాత్రులు

ఆస్ట్రేలియా ఈశాన్యతీరము పొడవునను ఇంచుమించు 2,300 కిలోమీటర్లు వ్యాపించియున్న మహాప్రవాళభిత్తిక (గ్రేట్ బ్యారియర్ రీఫ్), చూచువారికి శిలామయముగ తోచినను, నిజమునకు కోటానుకోట్ల పగడపుజీవుల మృదుశరీరములు తరతరములుగా సున్నపుగూళ్లను కట్టుకొనుచు పెంచిన కట్టడము. పుట్టినచోటు విడిచి కదలలేని యీ ప్రాణులు సంతానమును కను విధమును గూర్చి శాస్త్రజ్ఞులకు చాలకాలము సరియైన యెఱుక లేకుండెను. పెక్కు జాతులు పిల్లలను తమలోననే పొదిగి విడుచునని వారు నమ్మియుండిరి. 1980వ దశకపు తొలియేండ్లలో టౌన్స్‌విల్ పట్టణమున కెదురుగానున్న మాగ్నెటిక్ ద్వీపముకడ జేమ్స్ కుక్ విశ్వవిద్యాలయపు యువపరిశోధకులు రాత్రివేళ నీట మునిగి చూచిన సంగతి, అనగా పెక్కు జాతులు ఒక్కమారుగ బీజములను నీటిలోనికే విడుచు సామూహికప్రసవము, ఆ నమ్మకమును తలక్రిందులు చేసెను. వారి నివేదిక 1984లో 'సైన్స్' పత్రికయందు వెలువడెను. దానిని వ్రాసినవారిలో పీటర్ హారిసన్ ఒకరు.

దక్షిణార్ధగోళమున వసంతము ముదిరి, నీరు వెచ్చబడినపిదప వచ్చు పున్నమి గడచి నాలుగైదు రాత్రులు కాగా, ప్రొద్దుగ్రుంకిన కొన్ని గంటలకు ఈ ప్రసవము మొదలగును. ఒక్కొక్క జీవి నోటికడ గులాబిరంగు ఉండ యొకటి పైకుబికి కొంతసేపు కదలక నిలుచుటయే దానికి ఆనవాలు. ఎఱ్ఱదీపపు మసకవెలుతురున దానిని కనిపెట్టినవారు బీజములను పట్టి పెంచుటకై వెంటనే సన్ననివలలను, ఆ జీవులు కలిసి పెరిగిన పగడపుగుత్తులపై కప్పుదురు. అండములును శుక్రకణములును కలిసి ముడివడిన ఆ యుండ, అండములలోని క్రొవ్వుచే తేలికయై, నీటిపైకి లేచి అచ్చట విచ్చిపోవును. ఒక గుత్తి శుక్రకణములు ఆ గుత్తి యండములను సాధారణముగ ఫలింపజేయవు, అదే జాతికి చెందిన వేఱొక గుత్తివి కావలెను. కావుననే ఒకజాతి గుత్తులన్నియు ఒక్క రాత్రినే, ఇంచుమించు ఒక్క గడియనే యెన్నుకొనుట.

డాక్టరేటు ముగించి, రెండుమూడేండ్ల గడువుగల పరిశోధకపదవిలో చేరిన యువశాస్త్రజ్ఞులకు ఈ కాలనియమము మిక్కిలి కఠినము. ఏడాదికి దక్కునవి కొలదిరాత్రులే. ఆనాడు గాలివాన వచ్చినను, తొట్టిలో నీరు చెడినను, మరుసటేటివరకు నిరీక్షింపవలసినదే. అనేకగుత్తుల బీజములను కలిపి, మిగిలిన శుక్రకణములు నీటిని పాడుచేయకుండ కడిగివేసి, తేలుతొట్లలో పెంచగా, ఒకటిరెండు దినములలో సూక్ష్మరోమములతో ఈదు డింభకము లేర్పడును. నాకు అన్నిటికంటె అద్భుతముగ తోచునది దీని తరువాతి ఘట్టము. మిల్లీమీటరైన నిండని, కన్నులును మెదడును లేని ఆ డింభకము, సున్నమును పేర్చుకొను ఒకవిధపు గులాబినాచు వెలువరించు రసాయనముల జాడ పట్టి, రాతిపై తావు వెదకికొని, తలక్రిందుగ నంటుకొని, రూపము మార్చుకొని తొలిజీవి యగును. తనకు ఆహారమును సమకూర్చు శైవలములను పెక్కుజాతులలో అటుపిమ్మట సముద్రమునుండియే గ్రహించును.

శిథిలమైన భిత్తికలను మరల పెంచుటకు ఇట్లు డింభకములను విడుచుటయే కాక, పగడపుకొమ్మలను విఱిచి నాటు పద్ధతి మఱియొకటి కలదు. అది సులభము, ఫలితము వెంటనే కనబడును. అయినను, మునగకొమ్మను నాటిన తల్లిచెట్టే మరల మొలచినట్లు, అందువలన వచ్చునది పాతజీవియే కాని క్రొత్తది కాదు. తల్లిని చంపిన వేడి దానినిగూడ చంపును. కావున, శ్రమ యెంతయైనను, బీజమార్గమే శ్రేష్ఠమని నా నమ్మకము. ఫిలిప్పీన్స్‌లో, ప్రేలుడుపదార్థములతో చేపలు పట్టుటచే శిథిలమైన మగ్సేసే భిత్తికపై 2013లో హారిసనును స్థానికశాస్త్రజ్ఞులును డింభకములను విడువగా, బ్రదికినవి మూడేండ్లలో పెరిగి తామే ప్రసవించెను. 2016లో హెరాన్ ద్వీపముకడ ఈ పద్ధతినే మహాప్రవాళభిత్తికపై పరీక్షించిరి.

ఆ 2016లోనే సముద్రపువేడికి ఆ భిత్తిక ఉత్తరభాగమున విస్తారముగ పగడములు తెల్లబారి మరణించెను; మరుసటేడు మరల అట్లే జరిగెను. విడిచిన డింభకములు ఎన్నియైనను, నీరు ఇట్లే కాగుచుండినచో అవి నిలువవు. అయినను, ఏ తలిదండ్రుల సంతతి ఎక్కువ ఓర్చునో ముందుగ నెఱిగి జతపఱచుటకు మార్గము తెఱచుకొన్నది. 2015లో 'సైన్స్' పత్రికలో వచ్చిన యొక పరిశోధనలో, ఉత్తరపు వెచ్చనినీటి పగడములను దక్షిణపు చల్లనినీటి పగడములతో సంకరము చేసి చూడగా, తలిదండ్రులు వెచ్చనినీటివైనపుడు వేడిలో డింభకములు బ్రదుకు నవకాశము పదిరెట్లవఱకు పెరిగినది. తండ్రికంటె తల్లి వెచ్చనినీటిదైనపుడు ఆ లాభము హెచ్చుగ నుండెను.