నకలు తీస్తేనే చేయి తిరుగుతుంది

చిత్రకారుడు వడ్డాది పాపయ్య (వపా) 1921లో శ్రీకాకుళంలో పుట్టారు. తండ్రి డ్రాయింగు మాస్టారు. రవివర్మ కోదండరాముడి పటం చూసి, పసితనంలోనే దాన్ని తిరిగి గీశారని ఆయన గురించి రాసినవాళ్ళు చెబుతారు. ఆ నకలు ఆయన్ని రవివర్మకు నీడగా మార్చలేదు. చందమామ, యువ పత్రికల ముఖచిత్రాలను తెలుగు పాఠకులు సంతకం చూడకముందే వపా బొమ్మలని పోల్చుకునేవారు. నకలు తీస్తే సొంత గీత పోతుందనే భయానికి ఉత్తరాంధ్ర గడ్డ మీదే జవాబుంది. అందుకే ఆయిల్ రంగుల్లో మనిషి ముఖం వేయడం నేర్వాలనుకునే మా విజయనగరం జిల్లా చీపురుపల్లి పిల్లలకు ఫొటో కన్నా ఒక మంచి వాస్తవిక చిత్రమే మేలైన గురువని నా వాదన. అదీ ఒంటరి ముఖం కాదు, ఇంటి జీవితంలోని ఒక ఘట్టాన్ని పట్టిన చిత్రం కావాలి.

రవివర్మ 1893లో వేసిన 'అదిగో నాన్న' చిత్రాన్నే తీసుకుందాం. బిడ్డనెత్తుకుని తల్లి నిలబడింది, కాళ్ళ దగ్గర కుక్క ఉంది. ఆమె కట్టిన తెల్లబట్ట పక్కన చూస్తేనే బిడ్డ ఒంటి రంగు ఎంత ముదురో తెలుస్తుంది. ముఖం ఒక్కటే వేసేవాడికి ఈ తూకం దొరకదు. ఫొటోలో కెమెరా అన్నిటినీ ఒకే శ్రద్ధతో పట్టేస్తుంది. చిత్రకారుడు ఏది తేల్చాలో, ఏ అంచును నీడలో కలిపేయాలో ముందే తేల్చుకుని ఉంటాడు. నకలు తీసేవాడు ఆ నిర్ణయాలను ఒక్కొక్కటిగా తన చేత్తో మళ్ళీ తీసుకోవాలి. గళ్ళు గీసి బొమ్మ ఎక్కించాక, టర్పెంటైన్‌తో పలుచన చేసిన అంబర్ గోధుమరంగుతో వెలుగునీడలు మాత్రమే వేయాలి. ఆయిల్ రంగు ఎండడమంటే నూనె గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి గట్టిపడటం. అంబర్ మట్టిలో ఉండే మాంగనీసు ఆ పనిని తొందర చేస్తుంది, అందుకే అడుగుపొరకు అది అంత అనువు. ఆపై పొరపొరకూ నూనె పాలు పెంచుతూ పోవాలి. తిరగేస్తే పైపొర ముందే బిగుసుకుని, అడుగుది ఇంకా కదులుతుంటే, బీటలు వారుతుంది.

మన ఊళ్ళో దొరికేది అచ్చు పటమే కదా, దాన్నుంచి ఆయిల్ పని ఏం తెలుస్తుందని అడిగేవారున్నారు. న్యాయమైన ప్రశ్నే. 1894లో రవివర్మ పెట్టించిన ముద్రణాలయం నుంచి వచ్చిన పటాల్లో రంగులు రాతి అచ్చుల మీద పడ్డవి, ఆయన కుంచెవి కావు. వాటి నుంచి కూర్పు, ముఖాల కొలతలు నేర్వవచ్చు గానీ పొరల లోతు కనబడదు. కొత్త అచ్చులు మెరుగైనవే అయినా పొర మందం వాటికీ అందదు. రవివర్మ కూడా ఆయిల్ పని పాఠాల్లో నేర్చుకోలేదు. తిరువాన్కూరు వచ్చిన చిత్రకారుడు థియోడర్ జెన్సన్ వేస్తుంటే చూసి పట్టుకున్నారు. కాబట్టి ఇంటి దగ్గర అచ్చు పటం పెట్టుకుని నకలు మొదలుపెట్టండి. హైదరాబాదు వెళ్ళినప్పుడు సాలార్‌జంగ్ మ్యూజియంలో తైలవర్ణ చిత్రాల ముందు నిలబడి, నకలులో మీకు పట్టుబడని తరహా నీడ దగ్గర రంగు పలుచగా ఉందో మందంగా ఉందో పక్కనుంచి చూడండి. పూర్తయిన కాన్వాసు వెనక అసలు చిత్రకారుడి పేరు, నకలు అనే మాట స్పష్టంగా రాయండి. ఆ తర్వాతి కాన్వాసు మీద మీ అమ్మనో, పక్కింటి పెద్దాయననో ఎదురుగా కూర్చోబెట్టుకుని వేయండి.