'అది' అంటే ఎవలు?

కొన్నేళ్ల కింద ఒక కథ రాసి, చిన్నకోడూరులో మా నాయనమ్మకు చదివి వినిపించాను. లచ్చవ్వ అనే కూలిమనిషి బర్రెను తోలుకొని చెరువుకు పోయింది, అలసిపోయి కట్ట మీద కూలబడింది, దాని కళ్లలో నీళ్లు తిరిగాయి అని ఉంది. అక్కడ ఆపింది నాయనమ్మ. "ఎవల కండ్లల్లరా నీళ్లు? బర్రెకా, లచ్చవ్వకా?"

నవ్వొచ్చింది గానీ తప్పు నాదే. తెలుగు ఏకవచనంలో ఆడమనిషికీ పశువుకీ క్రియ ఒకటే: వచ్చింది, పోయింది, కూలబడింది. మగవాడికైతే 'వచ్చాడు' చాలు, సర్వనామం వదిలేసినా మనిషి కనిపిస్తాడు. ఆడవాళ్ల కథ రాసేటప్పుడు ఆ సౌకర్యం లేదు. మాటలో అయితే 'గామె' అంటూ వేలు చూపిస్తాం. రాతలో వేలు ఉండదు, ఆ పని వాక్యమే చెయ్యాలి.

అలాగని తెలుగు సర్వనామాలు బలహీనమైనవేం కావు. 'రాముడు తన ఇంటికి పోయాడు', 'రాముడు అతని ఇంటికి పోయాడు' అంటే మనకు రెండు వేర్వేరు ఇళ్లు. ఇంగ్లీషులో రెంటికీ ఒకటే మాట. 'సునీత తను రానని లతతో చెప్పింది' అంటే రానిది సునీతే, ఆ 'రాను' అన్న క్రియే సాక్ష్యం. కానీ ఈమధ్య కథల్లో 'తను' అంటే అతను, ఆమె, ఎవరైనా అయిపోయింది. 'తను రాదని చెప్పింది' అని రాస్తున్నారు. రానిది సునీతా, లతా? చేతిలో ఉన్న పదునైన పనిముట్టును మనమే మొద్దు చేసుకుంటున్నాం.

నాయనమ్మ ప్రశ్నకు జవాబు చెప్పలేదు కదూ. ఆ కన్నీళ్లు లచ్చవ్వవే. అదే కథలో పటేలును మొదటి నుంచి చివరిదాకా 'ఆయన' అన్నాను. జీతగాడిని 'వాడు' అన్నాను. పాత్రలు ఒకరినొకరు అట్లా పిలుచుకుంటే అది ఊరి నిజం, దాన్ని దాచకూడదు. కానీ ఇక్కడ పిలిచింది పాత్ర కాదు, కథ చెప్తున్న నేను. అర్థం కాకపోవడం ఒక్కటే అయితే వాక్యం మార్చి సరిచేసుకునేవాణ్ణి. నేను లచ్చవ్వను ఎక్కడ నిలబెట్టానో కూడా ఆ 'దాని' బయటపెట్టింది.

అప్పటినుంచి ఎవరి కథ చదివినా ఒక పని చేస్తున్నాను. కథకుడు సొంత గొంతుతో ఎవరిని 'ఆయన' అన్నాడు, ఎవరిని 'వాడు' అన్నాడు, ఎవరిని 'అది' అన్నాడు అని మార్జిన్‌లో రాసుకుంటాను. ఆ కథ ఎటువైపు ఉందో చాలాసార్లు అక్కడే తెలిసిపోతుంది.

నా కథలో ఆ వాక్యం ఇప్పుడు 'లచ్చవ్వ కళ్లలో నీళ్లు తిరిగాయి' అని ఉంది. పేరు రెండోసారి రాస్తే కాగితమేం అరిగిపోదు.