మారు వడ్డన

ఈ వారం ఒక పెళ్లిలో బఫే దగ్గర పెట్టిన బోర్డు చూసి ఒళ్లు మండింది: 'హెల్ప్ యువర్‌సెల్ఫ్'. ఈ కాలమ్ చదివేవాళ్లకు బఫేతో నా గొడవ పాతదే. పిలిచినవాళ్లు వడ్డించాలి, వచ్చినవాళ్లు కూర్చుని తినాలి. నిలబడి, పళ్లెం పట్టుకుని, పెరుగన్నం కలుపుకోవడానికి చెయ్యి ఖాళీ లేని తిండిని నేను విందు అనను.

ఆ కోపంతోనే 'హెల్పింగ్' అనే మాట వెంట పడ్డాను. ఒక విడత వడ్డించినదాన్ని ఇంగ్లిషువాళ్లు హెల్పింగ్ అంటారు. మారు వడ్డిస్తే సెకండ్ హెల్పింగ్. సాయానికీ కూరకీ ఏమిటి చుట్టరికం? 17వ శతాబ్దం చివరికే ఇంగ్లిషులో 'హెల్ప్'కు భోజనాల బల్ల దగ్గర మరొకరికి వడ్డించడం అనే అర్థం ఉంది. అప్పటి పెద్ద విందుల్లో వంటకాలు ఒక్కోటి కాకుండా బోలెడు ఒకేసారి బల్ల మీద పరిచేవాళ్లు. ఎవరి ముందు ఏ పళ్లెం ఉంటే వాళ్లు అందులోంచి పక్కవాళ్లకు అందించాలి. అలా అందించిన వాటాకే 19వ శతాబ్దంలో హెల్పింగ్ అనే పేరు స్థిరపడింది. ఆ శతాబ్దంలోనే, నౌకర్లు వంటకాలను వరసగా తెచ్చి అందించే రష్యన్ పద్ధతి ఇంగ్లండుకు వచ్చింది. పక్కవాళ్లకు అందించే పని తగ్గినా మాట నిలిచింది.

అంటే ఆ మాట పుట్టింది మన బంతి భోజనాల్లాంటి చోటే.

మా అమ్మమ్మ వడ్డన గుర్తొచ్చింది. పప్పులో నెయ్యి ఇంకిందంటే అడక్కుండానే మళ్లీ పోసేది. చాలు చాలంటూ విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టినా వేళ్ల సందుల్లోంచి పెరుగు పడేది. మొదటి బంతి మగవాళ్లది, తర్వాత పిల్లలది, ఆ తర్వాత ఆలస్యంగా వచ్చిన చుట్టాలది. అందరూ లేచాక అమ్మమ్మా అత్తయ్యలూ వంటింట్లో కూర్చునేవాళ్లు. అప్పటికి వేపుడు అయిపోయేది, చారు చల్లారిపోయేది. మిగిలినవి గిన్నెల్లోంచి ఎవరికి వాళ్లే వేసుకునేవాళ్లు. వాళ్లను 'మారు వెయ్యమంటారా' అని అడిగిన మనిషిని నేనెప్పుడూ చూడలేదు. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫర్వాలేదని సామెత. వడ్డించేవాళ్ల బంతి గురించి సామెత లేదు.

మొన్నటి పెళ్లిలో వరసలో నా ముందు పెళ్లికూతురి మేనత్త ఉంది. పొగలు కక్కుతున్న గుత్తివంకాయ వేసుకుంది, కాసేపటికి వచ్చి మారు వేసుకుంది. మధ్యలో ఆవిణ్ణి పిలిచి గరిటె చేతికిచ్చినవాళ్లు ఎవరూ లేరు. ఈ ఒక్క కారణం చాలు, బఫే ఉండాలనే అంటాను. కాకపోతే కుర్చీలూ బల్లలూ సరిపడా వేయించండి. మోకాళ్ల నొప్పులవాళ్లకు ఏం కావాలో అడిగి, పళ్లెం నింపి తెచ్చిచ్చే పని ఇంట్లో కుర్రాళ్లకు అప్పగించండి. మారు కావాలేమో కూడా వాళ్లనే అడగమనండి.