ఎనిమిది అడ్రసులు, పన్నెండు రిజిస్టర్లు

ఐబీఎం పీసీలో సీరియల్ పోర్టును మొదట నడిపింది నేషనల్ సెమీకండక్టర్ 8250 చిప్. దాని సంతతిలోని 16550ఏకు 16 బైట్ల ఫిఫో తోడైంది. ఆ చిప్‌లో రిజిస్టర్లు పన్నెండు, వాటికి దక్కిన అడ్రసులు ఎనిమిదే. కామ్1కైతే హెక్సాలో 3ఎఫ్8 నుంచి 3ఎఫ్ఎఫ్ దాకా. కెర్నల్‌కు ఈ చిప్‌ను వర్ణించి చెప్పడంలో పనితనమంతా ఈ ఇరుకులోనే బయటపడుతుంది.

మొదటి అడ్రసును చదివితే అవతలి నుంచి వచ్చిన బైటు చేతికొస్తుంది, రాస్తే బైటు బయటికి పోతుంది. లైన్ కంట్రోల్ రిజిస్టర్‌లో 7వ బిట్‌ను 1 చేశారా, అదే అడ్రసు బాడ్ రేటు డివైజర్‌లో కింది సగమైపోతుంది. 1.8432 మెగాహెర్ట్జ్ క్లాక్‌ను 16తో భాగిస్తే 1,15,200. దాన్ని 12తో భాగిస్తే 9,600. డివైజర్‌గా 12 రాశాక ఆ బిట్‌ను తిరిగి 0 చేయడం మరిచిపోతే, పంపబోయిన మొదటి అక్షరమే వేగాన్ని తారుమారు చేస్తుంది.

లైన్ స్టేటస్ రిజిస్టర్ ఇంకా సున్నితమైనది. దాన్ని చదవగానే పారిటీ, ఫ్రేమింగ్, ఓవర్‌రన్ తప్పుల బిట్లు చెరిగిపోతాయి. డీబగ్గింగ్ కోసం ఒకసారి ఊరికే చదివినా డ్రైవర్‌కు అందాల్సిన సాక్ష్యం మాయమవుతుంది. మోడెమ్ కంట్రోల్‌లో 3వ బిట్, అవుట్2, చిప్ లెక్కలో మామూలు అవుట్‌పుట్ మాత్రమే. పీసీ బోర్డు మీద మాత్రం అది 1 కాకపోతే ఇంటరప్ట్ ప్రాసెసర్‌దాకా చేరదు. ఇలాంటి సంగతిని బిట్ పేరు పక్కనే ఒక్క వాక్యంలో రాసిపెట్టినవాడే అసలైన పనిమంతుడు.

ఈ విద్యలో యూనిక్స్ ఆరో ఎడిషన్‌ను మించిన సొగసు అరుదు. పీడీపీ-11 కన్సోల్ కోసం నాలుగు పేర్ల స్ట్రక్చర్ ఒకటి: చదివే వైపు స్టేటస్, బఫర్, రాసే వైపు స్టేటస్, బఫర్. దాన్ని తీసుకెళ్లి ఆక్టల్ 177560 మీద పరిచారు, అంతే! జాన్ లయన్స్ 1976లో తన వ్యాఖ్యానంలో ఆ కోడ్‌ను వరస వరసనా విప్పి చెప్పాడు. లైనక్స్‌లో థియోడర్ త్సో పేరున్న సీరియల్ రిజిస్టర్ల హెడర్‌దీ ఆ వంశమే. ఏది చదవడానికి, ఏది రాయడానికి అన్నది ప్రతి పేరు పక్కనే కనిపిస్తుంది. ఎంఐటీ వారి ఎక్స్‌వి6 కెర్నల్‌లో రిస్క్-వి రూపం కూడా ఆ మర్యాద తప్పలేదు.

ఇప్పుడు చలామణీలో ఉన్న నకళ్లను చూస్తే కడుపు మండుతుంది. పేరూ ఊరూ లేని అంకెలు, 3ఎఫ్8కి 3 కలిపి హెక్సా 80 రాయి, 5 కలిపి చదివి హెక్సా 20 బిట్ చూడు అంటూ, ఒక ఫైలు నుంచి ఇంకో ఫైలుకు ఎగబాకుతున్నాయి. వాటిని అతికించేవారికి ఆ హెక్సా 20 అంటే పంపే రిజిస్టర్ ఖాళీ అయిందన్న సంకేతమని కూడా తెలియదు. దాన్ని వర్ణన అనడం ఆ పెద్దలకు అవమానం.

16550తో సరిపోలుతామని చెప్పుకునే చిప్‌లు ఈ నిర్లక్ష్యానికి శిక్ష వేస్తాయి. కొన్ని బోర్డుల్లో రిజిస్టర్ల మధ్య ఎడం ఒక బైటు కాదు, నాలుగు. అక్కడ 5 కలిపితే స్టేటస్ రిజిస్టర్ దొరకదు, దశాంశంలో 20 కలపాలి. డిజైన్‌వేర్ రకంలోనైతే చిప్ పనిలో ఉండగా లైన్ కంట్రోల్‌కు రాసింది లెక్కలోకి రాకుండా పోవచ్చు. లైనక్స్ డ్రైవర్ రాసిన విలువను తిరిగి చదివి చూసుకుంటుంది, నిలవకపోతే మళ్లీ రాస్తుంది. ఎడాన్ని డివైస్ ట్రీలో రెజ్-షిఫ్ట్ పేరుతో విడిగా ప్రకటిస్తారు. విలువ 2 అయితే నాలుగు బైట్లని అర్థం.