ఎడం పెరగనివ్వాలి

చెన్నైలో ఉద్యోగానికి చేరాక తమిళం నేర్చుకోవాలని ఫోన్‌లో అంకీ అనే యాప్ వేసుకున్నాను. మాటకో కార్డు. అర్థం గుర్తొస్తే 'గుడ్', రాకపోతే 'అగైన్' నొక్కాలి. గుర్తొచ్చిన కొద్దీ కార్డు మళ్లీ కనిపించే గడువు పెరుగుతుంది: మూడు రోజులు, వారం, ఇరవై రోజులు, రెండు నెలలు.

ఆ ఎడం చూస్తే నాకు భయమేసేది. ఎక్కాలు రోజూ వల్లె వేసి పెరిగినవాణ్ణి. రెండు నెలలు ముట్టుకోని మాట నిలుస్తుందంటే మనసొప్పలేదు. సెట్టింగుల్లో, ఎంత శాతం గుర్తుండాలన్న చోట 90 తీసి 97 పెట్టాను. ఏడు శాతమే కదా అనుకున్నాను. కానీ 90 దగ్గర పది రోజులు ఆగే కార్డు, 97 దగ్గర సుమారు మూడు రోజులకే వచ్చేస్తుంది. నెల తిరక్కుండా రోజుకు 300 కార్డులు పోగుపడ్డాయి. కొత్త మాటకు చోటు లేకుండా పోయింది.

మరుపు మొదట్లో వేగంగా, పోనుపోను నెమ్మదిగా సాగుతుందని 1885లోనే హెర్మన్ ఎబింగ్‌హాస్ తన జ్ఞాపకాన్నే పరీక్షించుకుని చూపించాడు. 1987లో పియోత్ర్ వోజ్నియాక్ ఎడం పెంచుకుంటూ పోయే లెక్కను కంప్యూటర్‌కెక్కించాడు. అంకీ చాలాకాలం దాని మీదే నడిచింది. 2023లో వచ్చి చేరిన ఎఫ్‌ఎస్‌ఆర్‌ఎస్ అనే కొత్త లెక్క మన జవాబులను చూసి మన మరుపుకు తగ్గ గడువు కడుతుంది. అందుకే జవాబు నిజాయితీగా ఉండాలి.

నేను తప్పింది అక్కడే. 'అవసరం' అని ఒక కార్డు. తమిళంలో దానర్థం తొందర. చూడగానే నాకు తెలుగు అర్థమే తట్టేది. 'అగైన్' నొక్కడానికి మనసు రాక 'హార్డ్' నొక్కేవాణ్ణి. 'హార్డ్' అంటే కష్టపడైనా గుర్తొచ్చిందని. మరిచిన మాటకు అది నొక్కితే యాప్ ఆ మాట మనకు వచ్చనే నమ్ముతుంది, గడువూ అలాగే కడుతుంది.

ఆ కార్డుకు కావలసింది గడువు తగ్గించడం కాదు, కార్డునే మార్చడం. ఒంటి మాట తీసేసి 'అవసరమా పోగణుం' అని రాసుకున్నాను, తొందరగా వెళ్లాలని. 97ను మళ్లీ 90 చేశాను. పదింట ఒకటి మరిచిపోతున్నాను. ఆ ఒక్కటీ మరోసారి నేర్చుకోవడానికి పట్టేది అర నిమిషం.

మొన్న ఆ కార్డు నలభై రోజుల తర్వాత వచ్చింది. తడుముకోకుండా చెప్పాను. మర్నాడు ఆఫీసు మెట్లు గబగబా దిగుతుంటే వాచ్‌మన్ అడిగాడు, "ఎన్న అవసరం, సార్?" నాకేం కావాలో చెప్పబోలేదు. నవ్వి, నడక తగ్గించాను.