పేరున్న ఏకాంబరం, వరసే పేరైన చిన్నక్క

రంగస్థలం మీద మాట్లాడకుండా నిలబడ్డ స్త్రీ కనీసం కంటికి కనబడుతుంది. రేడియోలో మాట్లాడని స్త్రీ లేనట్టే లెక్క. అక్కడ ఉనికి అంటే గొంతే. అందుకే మన హాస్యంలో స్త్రీల స్థానం గురించి ఆలోచించేటప్పుడు సినిమా కంటే ముందు రేడియో దగ్గర ఆగాలనిపిస్తుంది నాకు.

హైదరాబాద్ ఆకాశవాణి కార్మికుల కార్యక్రమంలోని చిన్నక్క, ఏకాంబరం, రాంబాబు ఒక తరం శ్రోతలకు ఇంట్లో మనుషుల్లాంటివారు. చిన్నక్క రతన్ ప్రసాద్. రాంబాబు కథారచయిత డి. వెంకట్రామయ్య. చెప్పాల్సిన విషయాన్ని ఉపన్యాసంలా కాకుండా వాదులాటగా, వేళాకోళంగా చెప్పడమే దాని ఆకర్షణ.

ఆ మూడు పేర్లనూ పక్కపక్కన పెట్టి చూడండి. ఇద్దరు మగవాళ్ళకు సొంత పేర్లున్నాయి. ఆడమనిషికి వరస మాత్రమే ఉంది. వరసపెట్టి పిలవడం మన రేడియోకి కొత్తేమీ కాదు. న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు పిల్లలందరికీ రేడియో అన్నయ్య, అక్కయ్య. అయితే అక్కడ ఇద్దరికీ వరసే పేరు. పెద్దల లోకంలోకి, పనిచేసేవాళ్ళ లోకంలోకి వచ్చేసరికి మగవాళ్ళు పేర్లు తెచ్చుకున్నారు. ఆమె మాత్రం అక్కగానే మిగిలింది. నలుగురిలో నవ్వుతూ మాట్లాడే స్త్రీ ఎవరికో ఏదో ఒకటి కావాలి, లేకపోతే ఆ నవ్వుకు మర్యాద ఉండదన్న భయం ఈ పిలుపు వెనక ఉంది.

అయినా ఆ వరస ఆమెకు ఒక మేలు చేసింది. భార్యను పెడితే మన హాస్యం ఏ దారిన నడుస్తుందో మనకు తెలుసు: చీరలు, నగలు, పుట్టింటి ప్రయాణాలు, గయ్యాళితనం. అక్క మీద ఆ జోకులు అతకవు. అక్క తమ్ముళ్ళను మందలించవచ్చు, వాళ్ళ తెలివితక్కువతనానికి నవ్వవచ్చు. కానీ అక్కకు సలహా చెప్పే హక్కు ఉన్నంతగా అలిసిపోయే హక్కు ఉండదు. తెలివి ఆమెది, కథ మగవాళ్ళది.

ఇది మన దగ్గరి సంగతే కాదు. యుద్ధానంతర బ్రిటన్‌ను నవ్వించిన బి.బి.సి. ధారావాహిక 'టేక్ ఇట్ ఫ్రమ్ హియర్' 1948లో మొదలై 1960 దాకా సాగింది. రాసినవారు ఫ్రాంక్ మ్యూర్, డెనిస్ నార్డెన్. 1953 నుంచి అందులో గ్లమ్ కుటుంబం వచ్చింది. తండ్రి, చేతగాని కొడుకు రాన్, అతనితో నిశ్చితార్థమై పెళ్ళి కోసం ఏళ్ళ తరబడి ఎదురుచూసే ఎత్. ఎత్‌గా జూన్ విట్‌ఫీల్డ్ గొంతు ఎంతో పేరు తెచ్చుకుంది. మరి ఆ ఇంటి తల్లి? మిసెస్ గ్లమ్ ఇంట్లోనే ఉంటుంది, కానీ ఆమెకు ఒక్క మాటా లేదు. పక్కగదిలోంచి అర్థంకాని మూలుగులు, సణుగుళ్ళు మాత్రం వినిపిస్తాయి. ఆ చప్పుళ్ళు చేసింది అల్మా కోగన్ అనే ప్రసిద్ధ గాయని! పాటలతో ఒక దేశాన్ని మెప్పించిన గొంతును తల్లి పాత్రలో సణుగుడికి కుదించారు. అదే కాలంలో, 1951 నుంచి 1960 వరకు నడిచిన 'గూన్ షో'లో మిన్నీ బానిస్టర్ అనే ముసలమ్మ గొంతు కూడా మగవాడిదే, మన అహ్మద్‌నగర్‌లో 1918లో పుట్టిన స్పైక్ మిల్లిగన్‌ది. ఇందుకు భిన్నంగా 1950లో మొదలైన 'లైఫ్ విత్ ది లయన్స్'లో నటి బీబీ డేనియల్స్ రచనలోనూ పాలుపంచుకుంది. ఇంటి హాస్యంలో ఇల్లాలి చేతికి కలం రావడం అసాధ్యం కాదని అది చూపించింది.

మిసెస్ గ్లమ్‌కు మాట లేదు. చిన్నక్కకు మాట ఉంది, పేరు లేదు. ఈ తేడా చిన్నదేమీ కాదు. మాట ఉన్నచోట విన్న స్త్రీలు తమ అర్థాలు తాము తీసుకుంటారు.

కార్మికులు అన్నప్పుడు ఆ మాటలో ఎవరున్నారు? భూపాలపల్లి సింగరేణి గనులనే తీసుకుందాం. 1952 గనుల చట్టం స్త్రీలను భూగర్భం పనికి దూరం పెట్టింది. 2019లోగాని షరతులతో ఆ తలుపు తెరుచుకోలేదు. గనిలోకి దిగే మనిషికి సద్ది కట్టి, బొగ్గుమసి బట్టలు ఉతికే ఆమె కార్మికుల లెక్కలోకి రాదు. మహబూబాబాద్ చేలల్లో వంగి మిర్చి ఏరే ఆమె కూడా పరిశ్రమ లెక్కలో లేదు. వీళ్ళెవరినీ ఉద్దేశించని కార్యక్రమాన్ని వీళ్ళు విన్నారు. జనగామలో మా మేనత్త ఆ రోజుల్ని తలుచుకుంటూ, "మగోళ్ళ ముచ్చట్ల నడుమ ఒక్క ఆడమనిషి గొంతు. గామె కోసమే ఇనేది. నవ్వొచ్చేది బిడ్డా, పని మాత్రం తగ్గకపోయేది" అంది. ఏ విమర్శకుడూ రాయని సమీక్ష అది. పిలవని పేరంటానికి చిన్నక్క గొంతు పట్టుకుని వెళ్ళారు వీళ్ళు.

పత్రికల్లో అచ్చయిన హాస్యానికి గ్రంథాలయాల్లో చోటు దొరికింది. రేడియో హాస్యం గాలిలో కలిసిపోయింది. టేపుల మీద మళ్ళీ మళ్ళీ రికార్డు చేసుకునే రోజులవి. ఆ రోజుల్లో రోజువారీ కబుర్లను దాచవలసిన సాహిత్యంగా ఎవరు చూశారు? అందులోనూ వినే ఆడవాళ్ళ అభిప్రాయం ఎవరికి కావాలి?

నోటిమాటకు విలువ కట్టడం మన ఉద్యమానికి తెలియని పని కాదు. ఇప్పుడు జనగామ జిల్లాలో ఉన్న పాలకుర్తి ఐలమ్మ వంటి స్త్రీల గొంతులను స్త్రీశక్తి సంఘటన 1986లో 'మనకు తెలియని మన చరిత్ర'గా అచ్చులోకి తెచ్చింది. పోరాటాన్ని అలా రాసుకున్నాం. ఇక నవ్వును కూడా రాసుకోవాలి. ఈ మూడు జిల్లాల్లో చిన్నక్కను విన్న స్త్రీలు ఇంకా ఉన్నారు. దేనికి నవ్వారు, ఎక్కడ నవ్వలేకపోయారు, నవ్వి ఎవరి చేత తిట్లు తిన్నారు అని అడగాలి. అడిగినప్పుడు వాళ్ళను ఫలానావారి అక్కగానో అమ్మగానో కాక, వాళ్ళ వాళ్ళ పేర్లతోనే రాసుకోవాలి.