తలుపు దగ్గరి మనిషి

హెలికాప్టర్ వరదనీటి మీద కదలకుండా నిలబడితే మెచ్చుకోలంతా పైలట్‌కే పోతుంది. కానీ మనుషులు చిక్కుకున్న డాబా సరిగ్గా కిందికి వచ్చేసరికి పైలట్‌కి అది కనబడదు. ముందున్నదీ పక్కనున్నదీ చూడగలడు గానీ హెలికాప్టర్ పొట్ట కింద ఏముందో అతనికి తెలియదు. తెలిసినవాడు వెనకాల, తీసి ఉన్న తలుపు దగ్గర, నడుముకి పట్టీ బిగించుకుని బయటికి వంగి ఉంటాడు. అతనే వించ్ ఆపరేటర్, అంటే తీగని దించి లాగే యంత్రాన్ని నడిపేవాడు. తీగతో కిందికి దిగేది డైవర్. ఇద్దరిలో ఎవరూ హెలికాప్టర్ నడపరు. అయినా మనిషి పైకి చేరడం వీళ్ళ కన్ను, మాట, చెయ్యి మీదే ఆధారపడి ఉంటుంది.

వీళ్ళ పని మనవాళ్ళకి కొత్త కాదు. 2021 నవంబరులో అనంతపురం జిల్లా చిత్రావతిలో చిక్కుకున్న పదిమందిని వాయుసేన హెలికాప్టర్ బయటికి తెచ్చింది. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకి చేరి, కింద కోనసీమ లంకలు మునిగాయి. 2023 జులైలో భూపాలపల్లి జిల్లా నైన్‌పాకలో జేసీబీ మీదికెక్కిన ఆరుగురు గాల్లోంచే రక్షణ పొందారు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు విశాఖలోని నేవీ విమానస్థావరం ఐఎన్‌ఎస్ డేగా హెలికాప్టర్లు విజయవాడ మీద తిరిగాయి.

ముందు కన్ను సంగతి. చూపుని నీటి మీద ఒక చివరి నుంచి ఇంకో చివరికి జార్చుకుంటూ పోతే ఏమీ దొరకదు. కన్ను గెంతుతున్నంతసేపూ దానికి స్పష్టంగా ఏదీ ఆనదు, ఆగినచోటే ఆనుతుంది. అందుకే పది డిగ్రీల మేర ఒక ముక్క, అక్కడ కనీసం ఒక సెకను నిలుపు, తర్వాత పక్క ముక్క. వెతికే కన్ను ఇలా వరసగా సాగాలి. మనిషి దొరికాక పని మారుతుంది. ఇప్పుడు కన్ను ఒక కదలని గురుతుని పట్టుకోవాలి. ఎర్రనీళ్ళు కింద పరుగెడుతుంటే, ఉన్నచోటే ఉన్న హెలికాప్టర్ ఎదురు దిక్కుకి జారుతున్నట్టు అనిపిస్తుంది. ఆ భ్రమని నమ్మి సర్దబోతే నిజంగానే జారుతుంది. అందుకని నీటిని చూడకుండా గుడి శిఖరాన్నో, కరెంటు స్తంభాన్నో, కొబ్బరి మొవ్వునో చూస్తారు. కొబ్బరి మట్ట కూడా రెక్కల గాలికి ఊగుతుంది కాబట్టి చూపు మొవ్వు మీదే ఆనాలి.

రెండోది మాట. తలుపు దగ్గరి మనిషి హెడ్‌సెట్‌లో ఆపకుండా మాట్లాడుతుంటాడు. “ఫార్వర్డ్ టెన్... ఎయిట్... సిక్స్... ఫోర్... త్రీ... టూ... వన్... స్టెడీ.” అంకె దూరం చెబుతుంది. అంకెకీ అంకెకీ మధ్య వ్యవధి వేగం చెబుతుంది. అంకెలు గబగబా పడుతుంటే పైలట్ జోరు తగ్గిస్తాడు, నెమ్మదిగా పడుతుంటే అలాగే కొనసాగిస్తాడు. అంటే ఒకే గొంతులో రెండు కొలతలున్నాయన్నమాట. గొంతు కంగారుపడితే రెండూ చెడతాయి. అందుకే మాటలు ముందే ఖాయం చేసి పెట్టుకుంటారు, కొత్త మాట ఒక్కటీ దొర్లనివ్వరు. నిశ్శబ్దం కూడా పైలట్‌ని గందరగోళపెడుతుంది కనుక, చెప్పేందుకు ఏమీ లేకపోయినా “స్టెడీ” అంటూనే ఉంటారు.

మూడోది చెయ్యి. వించ్ తీగ మందం సుమారు 5 మిల్లీమీటర్లు. పంతొమ్మిది పేటల ఉక్కు, పేటకి ఏడు పోగులు. లోపలి పేటలు ఒకవైపు, బయటివి ఇంకోవైపు మెలితిరిగి ఉంటాయి కాబట్టి బరువు వేలాడినా తీగ తనంతట తాను గిరగిరా తిరగదు. తోలు తొడుగు వేసుకున్న అరచేతిలోంచి తీగ జారుతుంటే దాని బిగువు, వణుకు, ఎక్కడైనా తెగిన పోగు వేళ్ళకే ముందు తెలుస్తాయి.

అసలు చిక్కు ఊగు దగ్గర వస్తుంది. ముప్పై మీటర్ల తీగకి వేలాడే మనిషి ఒకసారి అటు వెళ్ళి ఇటు రావడానికి సుమారు 11 సెకన్లు పడుతుంది. ఊగుతుండగానే లాగితే, నూతిలోంచి చేదుతున్న బొక్కెన పైకొచ్చేకొద్దీ గోడలకి ఎలా కొట్టుకుంటుందో, ఇతనూ అలాగే హెలికాప్టర్ పక్కకి కొట్టుకుంటాడు. అందుకని ఆపరేటర్ తొందరపడి లాగడు. లాగడం ఆపి, ఊగు వెళ్ళే వైపుకి ఎదురుగా తీగని చేత్తో నెడుతూ దాన్ని చంపుతాడు. తర్వాతే పైకి తెస్తాడు. కొబ్బరితోటల మీద ఎత్తులో నిలబడాలి కనుక తీగ పొడవు పెరుగుతుంది, దానితో ఓపికా పెరగాలి. తీగ చెట్టుకి చిక్కుకుని హెలికాప్టర్‌కే ప్రమాదం వస్తే, దాన్ని తెంపే చిన్న పేలుడు కట్టర్ ఉంటుంది. అది వాడాల్సి రాకుండా చూడడమే వీళ్ళ పనితనం.

ఈ మూడూ చేతకాకుండా పోవడానికి ఎక్కువ కాలం పట్టదు. వరద ఏడాదికొకసారి వస్తుంది, కొన్నేళ్ళు రాదు కూడా. అందుకే వరద లేని నెలల్లో ఇసుక మూటని తీగ చివరి హుక్‌కి తగిలించి, నేల మీద గీసిన చిన్న వలయంలో దించుతారు. తర్వాత కదిలే పడవ మీద, తర్వాత నీటిలో మనిషితో, ఆపైన రాత్రి. నీళ్ళలో తలకిందులైన హెలికాప్టర్‌లోంచి బయటపడడం విడిగా నేర్పుతారు. ఇందుకు నమూనా క్యాబిన్‌ని నీటి తొట్టిలో తిప్పేసి సాధన చేయిస్తారు.

జీతం లేనివాళ్ళ చేత కూడా ఇంత సాధన చేయించడం సాధ్యమే. అమెరికాలో 1941 డిసెంబరు 1న పుట్టిన సివిల్ ఎయిర్ పెట్రోల్ స్వచ్ఛంద సభ్యులతో నడుస్తుంది. చిన్న విమానంలో పైలట్ పక్కన అబ్జర్వర్, వెనక సీట్లో స్కానర్ కూర్చుంటారు. ఈ ఇద్దరికీ పైలట్ లైసెన్సు అక్కర్లేదు, కానీ తమ అర్హతని గడువులోగా మళ్ళీ నిరూపించుకోవాలి. ఎగిరే గంటలు ఖరీదు. అందుకని మ్యాప్ మీద గడులు గీసి వెతుకులాట పథకం వేయడం, రేడియో మాటలు, చూపు నిలపడం నేల మీదే సాధన చేయవచ్చు.

మన దగ్గర ఇలాంటి హెలికాప్టర్లు ఎక్కువగా సైనిక దళాల చేతిలో ఉంటాయి, నేల మీది పని మాత్రం ఊరివాళ్ళకి మిగులుతుంది. జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 2016లో మొదలుపెట్టిన ఆపద మిత్ర పథకం అలాంటి స్వచ్ఛంద సేవకులకి శిక్షణ ఇచ్చేదే. లంకలో డాబా మీద నిలబడ్డవాళ్ళు గుర్తుంచుకోవలసినవి నాలుగే. ఎగిరిపోయే రేకులూ టార్పాలిన్లూ ముందే తీసేయాలి. హెలికాప్టర్‌లో పేరుకున్న స్థిర విద్యుత్తు దిగిపోయేలా హుక్ నేలకో నీటికో తగలనిచ్చాకే పట్టుకోవాలి. దాన్ని దేనికీ కట్టకూడదు. మనిషిని పైకి లాగే స్ట్రాప్ చంకల కిందికి వచ్చాక చేతులు పైకెత్తకూడదు, ఎత్తితే జారిపోతారు. ఈ నాలుగూ తెలిసిన డాబా మీద ఆపరేటర్ చూపంతా తీగ మీదే ఉంటుంది.